తాళం వేసిన గదిలో రక్తపిశాచి

ఆ పుస్తకాన్ని రాత్రిపూట తమ ఇంట్లో ఉంచుకోవడానికి మా చాల్‌లో ఒక్కరు కూడా ఒప్పుకోలేదు. పగలు మాత్రం అందరికీ కావాలి. ఒక్క రోజు చదవకపోతే నా మీద కారాలు మిరియాలు నూరేవాళ్ళు. పొద్దుగూకేసరికి "మీ ఇంట్లో పెట్టుకో" అంటే "మీ ఇంట్లో పెట్టుకో" అని ఒకరి మీదికొకరు తోసుకునేవాళ్ళు. చదివే దాన్ని కాబట్టి నేనే పెట్టుకోవాలని కొందరి వాదన. మా అమ్మ అలాంటి మాటలు పడే మనిషి కాదు. పుస్తకం గడప దాటితే నన్ను కూడా గడప దాటిస్తానంది.

మాది సూరత్‌లో లింబాయత్. చాల్ అంటే రెండో అంతస్తులో వరసగా గదులు, వాటి ముందు పొడుగాటి వరండా. మగవాళ్ళు మగ్గాల కార్ఖానాలకు పోయాక ఆడవాళ్ళు ఆ వరండాలో చీరల కట్టలు విప్పుకుని కూర్చునేవారు. చీర మీద అచ్చు వేసిన పువ్వు నడిమధ్య జిగురు చుక్క పెట్టి మెరిసే రాయి అంటించాలి. అదే పని, రోజంతా. పెద్దవాళ్ళకు చదువు రాదు. నా ఈడు పిల్లలు హిందీ బళ్ళలో, గుజరాతీ బళ్ళలో చదివారు. మున్సిపాలిటీ తెలుగు బడిలో చదివిన దాన్ని నేనొక్కదాన్నే. కాబట్టి నేను చదవాలి, వాళ్ళు వినాలి. చదివినంతసేపు నేను రాయి ముట్టుకోను. నా వంతు చీరలు మిగతావాళ్ళు పంచుకుని చేసేవాళ్ళు. ఈ ఏర్పాటు పెద్దమ్మది. ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. చాల్ మొత్తానికి పెద్ద, అందుకని అందరికీ పెద్దమ్మే.

అమ్మ వంట చేసే ఇంటివాళ్ళు రైల్వేవాళ్ళు. బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక సంచీడు తెలుగు పుస్తకాలు ఇచ్చిపోయారు. వ్రతకథలు అయిపోయాయి, పాత వారపత్రికలు అయిపోయాయి, చక్కెర జబ్బు మీద ఒక పుస్తకం ఉంటే అది కూడా చదివించుకున్నారు. చివరికి మిగిలింది ఇదొక్కటే. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, రాసిందెవరో తెలియదు. ఎక్కడో మంచు కొండల్లో ఒక పాత కోట. అందులో ఒక ప్రభువు. పగలంతా పెట్టెలో పడుకుంటాడు, చీకటి పడ్డాక లేచి మనుషుల రక్తం తాగుతాడు. ఒక పేదింటి పిల్లను పెళ్ళి చేసుకుని ఆ కోటకు తెస్తాడు.

మొదటి రోజే పెద్దమ్మకు కోపం వచ్చింది. ప్రభువేంది ప్రభువు, సక్కగ దొర అనరాదా అంది. కోట అని కూడా చదవనివ్వలేదు, గడి అనమంది. సరేనని దొర, గడి అని మార్చి చదివాను. అలా చదివేసరికి మంచు కొండలు కాస్తా కరీంనగర్ పక్కకు వచ్చేశాయి. దొర రక్తం తాగే చోట నేను గొంతు తగ్గించి, జాగ్రత్తగా, భయపడుతూ చదివితే ఆవిడ రాళ్ళ మీద నుంచి తల కూడా ఎత్తలేదు.

"రక్తం తాగుడు గొత్తేం గాదు బిడ్డా. మా అవ్వ గడిల వెట్టి జేసింది. ముందటికి చదువు."

మిగతావాళ్ళకు వేరే అనుమానాలు. పగలంతా పడుకునేవాడికి అన్నం ఎవరు వండుతారని మా అమ్మ అడిగింది. అన్నం తినడు, రక్తమే అంటే, వంట పని తప్పిందన్నమాట, పిల్ల అదృష్టవంతురాలే అంది. పెట్టెలో మూతేసుకుని పడుకుంటే ఉక్కపోయదా అని ఇంకొకావిడ. అసలు విషయమేమిటంటే వాడిని ఇంట్లోవాళ్ళు పిలవందే గడప దాటి లోపలికి రాలేడట. అది విని అందరూ పడీపడీ నవ్వారు. పిలవకుండా వచ్చి పది రోజులు కూర్చునే చుట్టాలకన్నా వీడే నయం అన్నారు.

భయం తరవాత వచ్చింది. ఎవరికీ ఇంకా భయం లేని ఆ మొదటి వారం మా పక్క గది ఆవిడ పుస్తకాన్ని తన ఇంట్లో పెట్టుకుంది. అదే వారం ఆమెకు కళ్ళు తిరిగితే ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. రక్తం తక్కువగా ఉందని రాసిచ్చారు. ఆమెకు పెళ్ళయిన నాటినుంచీ రక్తం తక్కువే. నలుగురు పిల్లల్ని కని, అందరూ తిన్నాక మిగిలింది తినేవాళ్ళకు ఎక్కువెలా ఉంటుంది? చెప్పి చూశాను. ఎవరైనా వింటేనా? పుస్తకం ఇంట్లో ఉంది, రక్తం తగ్గింది, ఇంకేం సాక్ష్యం కావాలన్నారు. అయితే పారేద్దామా అన్నాను. అలా ఎలా, కథ సగంలో ఉందిగా అన్నారు! నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

అప్పుడు పెద్దమ్మే ఉపాయం చెప్పింది. వరండా చివరి గదిలో పెడదామంది. ఆ గదికి ఎలాగూ బయటినుంచి తాళం ఉంటుంది, తాళం ఉన్నచోటికి ఏదీ రాదు, ఏదీ పోదు. అందరికీ అది చాలా తెలివైన మాటగా తోచింది. ఆ సాయంత్రం పుస్తకాన్ని కిటికీ ఊచల మధ్య నుంచి లోపలికి నేనే ఇచ్చాను. లోపలినుంచి ఒక చెయ్యి వచ్చి అందుకుంది.

ఆ గదిలో ఒక కొత్త పెళ్ళికూతురు ఉండేది. జగిత్యాల వైపు నుంచి వచ్చి ఆర్నెల్లయింది. ఆమె మొగుడు బమ్రోలి వైపు మగ్గం నడిపేవాడు. పొద్దున పోతూ తలుపుకు తాళం వేసుకుని పోయేవాడు, సాయంత్రం వచ్చి తీసేవాడు. అంటే పుస్తకం అక్కడుండే రాత్రి తలుపుకు తాళమే లేదు, ఆ సంగతి మావాళ్ళెవరూ ఆలోచించలేదు. తాగుబోతు కాదు, కొట్టేవాడు కాదు. కొత్త ఊరు, పిల్లకు హిందీ రాదు, రోజులు బాగాలేవు అని అందరికీ మర్యాదగానే చెప్పాడు. లోపల నల్లా ఉంది, పాయఖానా ఉంది, టీవీ ఉంది, ఇంకేం కావాలి అన్నారు మావాళ్ళు. వాడు పని చేసే కార్ఖానాకు కూడా షిఫ్టు అయ్యేదాకా బయటినుంచి తాళమేనట. వాడికి తాళం అంటే అంత మామూలు సంగతి.

నన్ను ఆపడానికి తాళం కూడా అక్కర్లేకపోయింది. బడి అయిపోయాక పై తరగతులకు దూరం పోవాలి కాబట్టి వద్దన్నారు. సందు మలుపు దాటితే ఎవరైనా తోడుండాలన్నారు. నేను ఏడ్చి, అరిచి, రెండు పూటలు అన్నం మానేసి, చివరికి వరండాలో కూర్చుని పుస్తకాలు చదివే దాన్నయ్యాను. అందుకేనేమో ఆ చివరి గది వైపు చూడకుండా కూర్చునేదాన్ని.

ఒక పొద్దున పుస్తకం తీసుకోవడానికి వెళ్తే, ఇవాళ చదవబోయేదాంట్లో రక్తం చాలా ఉంది, పెద్దమ్మ తినేటప్పుడు చదవొద్దని చెప్పింది ఆ పిల్ల. నేను తెల్లబోయాను. నువ్వు చదివావా అంటే, ఇంటర్ దాకా చదువుకున్నానంది. ఆర్నెల్లుగా ఆ కిటికీ ముందు కూర్చుని పుస్తకాలు చదువుతున్నాను, నీకు చదవడం వచ్చా అని అడగాలని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ రోజు చదివిన భాగంలో దొర కొత్త పెళ్ళాన్ని గడిలో పెట్టి తాళం వేస్తాడు. బయట తోడేళ్ళున్నాయి, నీ మంచికే అంటాడు. వరండా అంతా భగ్గుమంది. వాడి చేతులు పడిపోను, వాడి కాళ్ళు విరగ, ఆడపిల్లను అలా బంధిస్తాడా అని ఒకరిని మించి ఒకరు తిట్టారు. అందరికన్నా గట్టిగా తిట్టినావిడ చివరి గది తలుపుకు వీపు ఆనించుకుని కూర్చుంది. ఆమె కదిలినప్పుడల్లా తలుపు మీద తాళం కొట్టుకుని చప్పుడవుతోంది. నేను పుస్తకం మూసి, నీ వెనక ఉన్నదేమిటో ఒకసారి చూడు అన్నాను. అందరూ చూశారు. మా అమ్మకు నా మీద కోపం ముంచుకొచ్చింది.

"గదంత కథనే. గిది సంసారం. నీకేం ఎర్క, నోరు మూసుకొని చదువు."

నోరు మూసుకుని ఎలా చదవాలో చెప్పలేదు. చదివాను.

ఇంకాస్త కథ మిగిలి ఉందనగా నాకు జ్వరం వచ్చి గొంతు పోయింది. ఆగే ఓపిక మావాళ్ళకు లేదు. చివరి గదిలో పిల్లకు చదువొచ్చని చెప్పాను. చీరలన్నీ ఎత్తుకుపోయి ఆ కిటికీ కింద కూర్చున్నారు. ఆ పిల్ల లోపలినుంచి చదివింది. నేను మా గదిలో దుప్పటి కప్పుకుని పడుకుని విన్నాను. ఎంత బాగా చదివిందో! ఊళ్ళో ఆడవాళ్ళందరూ రోకళ్ళు పట్టుకుని గడి మీదికి వచ్చారు. తలుపు బద్దలుకొట్టారు. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఎండలోకి తీసుకువచ్చారు. మా వరండాలో ఈలలు ఒక్కటే తక్కువ. పెద్దమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుందని తరవాత అమ్మ చెప్పింది. మంచు కొండల్లో రోకళ్ళెక్కడివని నాకు అప్పుడే అనుమానం రావలసింది, జ్వరంలో రాలేదు.

జ్వరం తగ్గాక పుస్తకం తెచ్చుకుని చివరి పేజీలు నేనే చదువుకున్నాను. అందులో రోకళ్ళు లేవు. ఎవరూ రారు. ఊళ్ళోవాళ్ళు మెల్లగా కోట వైపు చూడడమే మానేస్తారు. ఆ పిల్ల అక్కడే ఉండిపోతుంది, కథ అంతే. పుస్తకం పట్టుకుని కిటికీ దగ్గరికి పరుగెత్తి, ఇలా లేదు కదా, నువ్వెందుకు అలా చదివావని అడిగాను. ఆమె ఊచలు పట్టుకుని నిలబడి ఉంది.

"వాళ్ళకు వినవడాలెనని చదివిన అక్కా. విన్నరు. ఏడ్సిండ్రు. చీరలు సదురుకొని పోయిండ్రు."

ఆ మాట నన్ను రెండు రోజులు తిననివ్వలేదు. మూడో రోజు మధ్యాహ్నం, అందరూ కొత్త పుస్తకం ఏదైనా దొరుకుతుందా అని నన్ను సతాయిస్తుంటే ఇక పట్టలేకపోయాను. పుస్తకంలో ఏ ఆడవాళ్ళూ రాలేదని చెప్పాను. ఆ పిల్ల తనకోసం మిమ్మల్ని పిలిచింది, మీరు ఆహా ఓహో అని లేచి పోయారు, సిగ్గు లేదా అని అరిచాను. అమ్మ చెయ్యెత్తింది. పెద్దమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

తరవాత ఆవిడ లేచి తన గదిలోకి వెళ్ళింది. కొడుకు మగ్గాలు బాగుచేసే పనిలో ఉన్నాడు, ఇంట్లో అన్ని సామాన్లూ ఉంటాయి. స్క్రూడ్రైవర్ తెచ్చింది. తాళం జోలికి పోలేదు. తాళం వేలాడే గొళ్ళేన్ని తలుపు చెక్కకు పట్టి ఉంచిన మరలు ఒక్కొక్కటే విప్పింది. తలుపు కదలకుండా నేను పట్టుకున్నాను. గొళ్ళెం, తాళం కలిసే ఊడివచ్చి ఒక పక్కకు వేలాడాయి. తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల లోపల నిలబడి ఉంది, గడప దగ్గర. రమ్మని అందరం పిలిచాం. ఆమె మా మొహాలు కాకుండా తలుపు చెక్కకు పడ్డ బెజ్జాల వైపు చూసింది.

"మళ్ళ బిగియ్యస్తదా?"

ఎందుకు రాదు, బిగించవచ్చు అంది పెద్దమ్మ. అప్పుడు బయటికి వచ్చింది. వరండా చివరిదాకా నడిచి, కమ్మీ పట్టుకుని కిందికి చూసింది. షేరింగు ఆటోలు, పానీపూరీ బండి, చీరల మూటలు మోసుకుపోయే టెంపోలు. రోడ్డు గది వెనక వైపు ఉంటుందనుకున్నానని, చప్పుడు విని ఆర్నెల్లుగా అలాగే అనుకుంటున్నానని నాతో చెప్పింది. కిందికి పోదామా అని అడిగాను. ఇవాళ వద్దంది. మా మధ్య కూర్చుంది. ఎవరో జిగురు డబ్బా ఇచ్చారు. పూలకు రాళ్ళు అంటించింది, వంకరగా అంటించినా ఎవరూ ఏమీ అనలేదు. నాకు ఎంత సంతోషంగా ఉందంటే, కాసేపు ఆ గొళ్ళెం సంగతే మర్చిపోయాను.

ఎండ గోడ ఎక్కగానే ఆమె లేచింది. ఎవరూ చెప్పకుండానే. కొంగుకు అంటిన మెరుపు దులుపుకుంది. అలాగే ఉండనీ, వాడు వస్తే నేను మాట్లాడతానని పెద్దమ్మ అంది. మేమందరం మాట్లాడతామని నేనన్నాను. మా అమ్మ కూడా తల ఊపింది, నిజం చెప్పాలి.

"మాట్లాడినంక మీరు మీ ఇండ్లకు పోతరు పెద్దమ్మా," అంది ఆ పిల్ల.

లోపలికి వెళ్ళి తలుపు తనే దగ్గరికి లాక్కుంది. స్క్రూడ్రైవర్ చీరల మీద పడి ఉంది. తలుపు వెనక నుంచి ఆమె గొంతు మళ్ళీ వినిపించింది.

"ఇగ బిగించుండ్రి. జల్ది, ఆయనచ్చే యాళ్ళయింది."