కుడి పక్క ఖాళీ

ప్రపంచాన్ని రెండుగా చీల్చింది అమెరికా, రష్యాలు కావు. మా జానకిరామయ్య గారు. సరే, మరీ ప్రపంచాన్ని కాదు లెండి, కాగితాన్ని. చేతికి ఏ కాగితం దొరికినా ముందు నడిమధ్య నిట్టనిలువుగా ఒక గీత గీసేవారు. ఆ తర్వాతే రాత.

తప్పు ఆయనది కాదు, వృత్తిది. సినిమా స్క్రిప్టులకి ఫెయిర్ కాపీ రాయడం ఆయన పని. ఎడమ పక్క యాక్షన్, కుడి పక్క డైలాగు. ఇరవయ్యేళ్లు మద్రాసులో అలా రాసి, పరిశ్రమతోపాటు ఫిల్మ్‌నగర్ బండరాళ్ల మధ్యకి వచ్చిపడ్డారు. ఇంట్లో వాళ్లావిడకిచ్చే సరుకుల చీటీకీ అదే మర్యాద. ఎడమ పక్క, "త్రిపురసుందరి సంచీతో ప్రవేశిస్తుంది." కుడి పక్క, "కందిపప్పు రెండు కిలోలు." ఒకసారి సెలవు చీటీ పంపారు. ఎడమ పక్క, "మూలుగుతూ." కుడి పక్క, "రేపు రాలేను."

ఎనభై ఆరులో జూబ్లీహిల్స్‌లో ఆయన పనిచేసే రచయిత గారింట్లోనే నేనూ సహాయకుణ్ణి. సహాయకుడంటే, రచయిత గారు ఆలోచిస్తున్నప్పుడు పక్కన కూర్చుని ఆలోచిస్తున్నట్టు కనపడాలి. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. ఆ తీరికలోనే అంతర్జాతీయ రాజకీయాల్లో ఎం.ఏ. కోసం, ఏ కూటమిలోనూ చేరని దేశాల అలీనోద్యమం మీద సిద్ధాంత వ్యాసం రాస్తున్నాను. చదివింది కాన్వెంటులో, అయినా తెలుగులోనే రాశాను. ఇంగ్లిష్‌లో రాస్తే ఏ పేరా ఏ పుస్తకంలోంచి ఎత్తానో గైడు గారు ఇట్టే పట్టేస్తారు మరి.

అప్పటికే మూడుసార్లు గడువు పొడిగించారు. సోమవారం ఇవ్వకపోతే డిగ్రీ లేదు. తెనాలిలో మా నాన్న ఎరువుల కొట్టు తాళాలు నా కోసం సిద్ధం చేసి పెట్టాడు. నా తెలుగు దస్తూరి చూస్తే, కాన్వెంటు సిస్టర్ల పుణ్యమా అని, గొంగళిపురుగుల ఊరేగింపు. అందుకని నూటపది పేజీలూ తీసుకెళ్లి జానకిరామయ్య గారి ముందు పెట్టాను.

"గురువు గారూ, మీ కాళ్లు పట్టుకుంటా. గీత మాత్రం వద్దండీ."

"గీత లేకపోతే అక్షరాలు దేన్ని పట్టుకుని నిలబడతాయి అబ్బాయ్?"

"గీత ఉంటే యూనివర్సిటీ వాళ్లు నన్ను నిలబెడతారండీ, గుమ్మం బయట."

"సరే సరే, చూద్దాం."

శనివారం పొద్దున్నే కట్ట చేతికిచ్చారు. మొదటి పేజీ తీశాను. గీత! రెండో పేజీ. గీత! ఎడమ పక్క నా వ్యాసమంతా ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉంది. కుడి పక్క తెల్లగా ఖాళీ.

వాచ్‌మన్ జంగయ్య నా భుజం మీదుగా తొంగిచూశాడు. "గీ పక్క ఏం లేదేంది సారూ? సిరా అయిపోయిందా?"

"సిరా ఉందయ్యా. సరుకే లేదు," అన్నారు జానకిరామయ్య గారు. "ఎడమ పక్క వాళ్లూ వీళ్లూ అన్నవి. కుడి పక్క ఇతగాడు అన్నవి."

పేజీలన్నీ తిరగేశాను. డెబ్బై మూడో పేజీలో కుడి పక్క ఒకే ఒక్క వాక్యం ఉంది: "ఇది ఆలోచించదగ్గ విషయం."

"అదీ ఎవరిదోనని అనుమానమే. పోనీలే పాపమని నీకిచ్చా. హీరో నోరు విప్పని సినిమా మ్యాట్నీకే ఎత్తేస్తారు అబ్బాయ్. కూర్చో. అలీనం అంటే ఏంటి?"

నేను గొంతు సవరించుకుని ఎడమ పక్కది అప్పజెప్పబోయాను.

"అది కాదు. మా అమ్మకీ మా ఆవిడకీ మధ్య పదేళ్లు నేనూ ఏ పక్కా చేరలేదు. అలీనమేగా?"

"అది తప్పించుకోవడమండీ! ఏ పక్కా చేరనివాడు ఏది తప్పో పైకి చెప్పాలి. చెప్పకపోతే దాక్కున్నట్టే!"

"ఆగు!" అని కుడి పక్క రాసేసుకున్నారు. "ఊఁ, ఇప్పుడు రెండో పేజీ."

అలా రెండు రోజులు నన్ను రెచ్చగొట్టి, నా చేత తిట్లు కూడా తిని, కుడి పక్కంతా నింపారు. ఆదివారం సాయంత్రానికి నాకు ఏడుపొచ్చింది. "మాటలు బాగున్నాయండీ. కానీ ఈ గీతల కాగితాలు ఎలా ఇవ్వను? మళ్లీ రాసే టైమేది?"

ఆయన సొరుగులోంచి ఇంకో కట్ట తీశారు. ఒక్క గీత లేదు! శనివారానికి ముందే వ్యాసమంతా అందులో రాసి, నేను నోరు విప్పుతానన్న నమ్మకంతో పేజీ పేజీకీ చోటు వదిలారట. నేను భోజనానికి వెళ్లినప్పుడల్లా నా మాటలు ఆ ఖాళీల్లోకి ఎక్కించేశారట. గీత ఆసరా లేక ఆయన వరుసలన్నీ కిందికి జారుతున్నాయి.

"వరుసలు తూలుతున్నాయి గానీ వాదన నిలబడింది," అన్నారు గైడు గారు. సెకండ్ క్లాసు వచ్చింది. నా చేతుల్లో పడకుండా ఎరువుల కొట్టు బతికిపోయింది.

ఇన్నేళ్ల తర్వాత ఇదంతా చెబితే మా మనవలు నమ్మలేదు. సాక్ష్యం కోసం ఈ కథంతా రాసి మధురానగర్‌లో ఉన్న జానకిరామయ్య గారికి పంపాను. వారంలో కార్డొచ్చింది. నడిమధ్య గీత.

ఎడమ పక్క, "జానకిరామయ్య, కోపం నటిస్తూ."

కుడి పక్క, "అంతా అబద్ధం. నా జన్మలో నేను కాగితం మీద గీత గీయలేదు."