లేడీస్ హాస్టల్లో మా తమ్ముడి జడ

మా చిన్నప్పుడు అమ్మ పొద్దున్నే రెండు జడలు వేసేది... ఒకటి నాకు, ఒకటి మా తమ్ముడికి.

ఇల్లంటే పెద్ద ఇల్లేం కాదు. ఒడిశాలో బరంపురం శివార్లలో యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ ఉండేది. దాని వంటగది వెనక ఆయాకి ఇచ్చిన ఒంటి గది మాది. ఆ ఆయా మా అమ్మ. నాన్న చేపల వేటకెళ్ళి సముద్రంలో పోయాక మాకు ఆ ఉద్యోగమే తిండి, ఆ గదే నీడ. ఆయా హాస్టల్లోనే ఉండాలని ఒక రూలు. ఎదిగిన మగపిల్లలు హాస్టల్లో ఉండకూడదని ఇంకో రూలు. ముందు నుయ్యి, వెనక గొయ్యి... ఇక మా తమ్ముణ్ణి ఎక్కడ పెట్టుకోవాలి?

వాడు పురిట్లోనే జబ్బు పడితే, బతికి బట్టకడితే తారాతారిణి అమ్మవారి కొండ మీద పుట్టువెంట్రుకలు ఇస్తానని అమ్మ మొక్కుకుంది. మా గంజాం వైపు అది అందరూ మొక్కే మొక్కే. మొక్కు తీరేదాకా కత్తెర తగలకూడదు కాబట్టి వాడి జుట్టు నడుం దాకా దిగింది. మొదట్లో అమ్మకి సెలవు దొరక్క ఆగింది. తరవాత కావాలనే ఆపింది... ఎందుకంటే కొత్తగా వచ్చిన వార్డెన్ మేడం ఆ జడ చూసి వాణ్ణి ఆడపిల్ల అనుకుంది. అమ్మ అవుననలేదు, కాదనలేదు.

అప్పటినుంచి నా పాత గౌన్లు వాడివయ్యాయి. బడికి మాత్రం నిక్కరు తొడుక్కుని వెనక గేటు నుంచి పోయేవాడు, వచ్చాక మళ్ళీ గౌను. హాస్టల్ అక్కలందరికీ సంగతి తెలుసు. ఒడియాలో "కుని" అంటే చిన్నపిల్ల... వాణ్ణి అలాగే పిలిచి, జడలో కనకాంబరాలు పెట్టి నవ్వుకునేవారు. వాడికి ఒళ్ళు మండిపోయేది. ఓసారి మెస్సులో కూరలు తరిగే కత్తితో జడ కోసుకోబోయాడు. అమ్మ చెంప మీద ఒక్కటిచ్చి, ఆ తరవాత వాడికన్నా ఎక్కువ ఏడ్చింది.

"గట్టిగా మాటాడకురా నాయినా, మేడంగారు ఇంటారు..." రోజూ ఇదే మాట.

వాడికి తొమ్మిదో ఏడు వచ్చాక ఎండలు మొదలయ్యే వేళకి ఒళ్ళంతా అమ్మవారు పోసింది. తల్లి పేరు చెప్పి మొక్కు ఎగ్గొడుతున్నాను, అందుకే తల్లే ఇంటికొచ్చింది అని అమ్మ వణికిపోయింది. హుమ్మ అనే ఊరి నుంచి వచ్చి చదువుకునే సరోజినక్క వేపాకు తెచ్చి ఇచ్చేది, ఎవరూ అటు రాకుండా చూసేది. వాడి ఒళ్ళు చల్లబడ్డాక ఇక మొక్కు తీర్చేస్తానంది అమ్మ. ఆ అక్కే మెల్లగా నచ్చజెప్పబోయింది... ఇంకో ఏడాది ఆగమని, వాడు ఐదో తరగతన్నా పూర్తి చేస్తాడని.

అమ్మ ఒకటే మాట అంది. "బిడ్డనిచ్చిన తల్లితో బేరాలాడతానేటమ్మా? ముందు ఆడు బతకాల."

చైత్రమాసంలో మంగళవారం కొండకి వెళ్ళాం. జనం, ఎండ, తడి జుట్టు వాసన... మంగలి కత్తి పెట్టగానే వాడి జడ అమ్మ ఒళ్ళోకి జారింది. వాడి సంబరం ఏం చెప్పను! బస్సులో దారి పొడుగునా గుండు తడుముకుంటూ నవ్వుతూనే ఉన్నాడు. అమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. హాస్టల్ దగ్గర దిగాక వాడు వెనక గేటుకి రానన్నాడు. ఇంక దాక్కోడం ఎందుకన్నాడు. అమ్మ వద్దనలేదు. నిక్కరు వేసుకుని, గుండుకి గంధం రాసుకుని, మొదటిసారి ముందు గేటులోంచి నడిచొచ్చాడు మా తమ్ముడు.

వరండాలో వార్డెన్ మేడం నిలబడి ఉంది.

ఆవిడ చెడ్డదని నేననను. చాలాసేపు వాణ్ణే చూసింది. ఆడపిల్లల తల్లిదండ్రులకి తాను జవాబు చెప్పుకోవాలని, నెలాఖరులోగా వాణ్ణి ఎక్కడికైనా పంపెయ్యమని ఒడియాలో మెల్లగానే చెప్పింది. చిలికా సరస్సు ఒడ్డున ఉన్న రంభ నుంచి మావయ్య వచ్చి తీసుకెళ్ళాడు. ఆటో ఎక్కేముందు వాడు అమ్మ కొంగు పట్టుకుని అడిగాడు.

"జుట్టు మల్లీ పెరిగితే వొచ్చీమంటావా అమ్మా?"

కొన్నాళ్ళు ఆదివారాలు వచ్చేవాడు. విజిటర్స్ గదిలో బెంచీ చివర, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చునేవాడు. అమ్మ లోపలినుంచి గిన్నెలో అన్నం, కూరముక్కలేసిన పప్పు డాల్మా తెచ్చిపెట్టేది. తను పెరిగిన చోటే చుట్టంలా తిని పోయేవాడు. తరవాత బడి మానేశాడు, మావయ్యతో చిలికాలో పడవెక్కాడు. ఆదివారాలూ తగ్గాయి. గేటు దాకా వచ్చి, వాచ్‌మన్ చేతికి ఎండు రొయ్యలు ఇచ్చేసి వెళ్ళిపోయేవాడు.

కిందటేడు అమ్మ రిటైరయింది. తమ్ముడు ఆటో తీసుకొచ్చాడు. గెడ్డం నెరిసింది, నెత్తి మీద జుట్టు పలచబడింది. అమ్మ గేటు దాకా వచ్చి, ఓసారి లోపలికి రమ్మంది, గది చూసి వెళ్దువు గాని అంది. వాడు గేటు అవతలే నిలబడ్డాడు.

"మగపిల్లలు రాకూడదు కదమ్మా..." అన్నాడు. ఎగతాళికి కాదు, కోపానికీ కాదు. ట్రంకు పెట్టె నేనూ వాచ్‌మనూ మోసుకొచ్చి వాడికి అందించాం.

ఇప్పుడా హాస్టల్లో ఆయాలెవరూ ఉండరు. డ్యూటీ అయ్యాక ఎవరిళ్ళకి వాళ్ళు పోతారు. గేటు దగ్గర కెమెరాలొచ్చాయి. మా గదిలో గ్యాస్ సిలిండర్లు పెడుతున్నారట. మంచిదే... బిడ్డని దాచుకునే అవసరం ఇంకెవరికీ రాకూడదు.

అమ్మ ఇప్పుడు రంభలో తమ్ముడి దగ్గరే ఉంది. సాయంత్రాలు వాడి నెత్తికి నూనె రాస్తుంది. వాడు తల వంచుకుని కూర్చుంటాడు.

బిడ్డని దగ్గర ఉంచుకోడానికి దేవుడి మొక్కునైనా ఆపుకున్న తల్లి మీ ఇళ్ళల్లో ఎవరైనా ఉన్నారా? ఉంటే ఇక్కడ రాయండి... అమ్మకి చదివి వినిపిస్తాను. ఈ లోకంలో తనొక్కతే అలా చేసిందని ఇప్పటికీ అనుకుంటోంది.