కొరమీను చదును చేసిన పొలం

కంకిపాడు అవతల బసవయ్య గారి మూడెకరాల మాగాణిని ఒక కొరమీను చదును చేసింది. అదీ ట్రాక్టరుతో.

సరే, మూడెకరాలు కాదు, ఎకరన్నర. కొరమీను ఒక్కటే చేసిందనడం కూడా కాస్త ఎక్కువే. ట్రాక్టరు మీద ఎల్లారావు ఉన్నాడు, స్టీరింగు తిప్పింది అతనే. కాకపోతే ఆ ఇద్దరిలో పనికొచ్చిందెవరని అడిగితే, ఎల్లారావు భార్య కొండలమ్మ ఇప్పటికీ చేప పేరే చెబుతుంది.

ఎల్లారావు పుట్టింది బందరు అవతల, సముద్రం మీద బతికే ఇంట్లో. తాత తుఫానులో వల లాగాడు, తండ్రి జ్వరంతో వల లాగాడు. ఎల్లారావు మాత్రం పడవ ఒడ్డు దాటకముందే కక్కేవాడు. అల పైకి లేస్తే ఒకసారి, కిందికి దిగితే ఇంకోసారి. గంగమ్మకు కోడిని కోశారు, దర్గాలో తాయెత్తు కట్టించారు, చర్చిలో ప్రార్థన చేయించారు. అందరు దేవుళ్లూ కలిసి చేతులెత్తేశారు. అతను కక్కినదాని కోసం చేపలు పడవ వెంట పడేవని, అందుకే తండ్రి కొన్నాళ్లు ఓర్చుకున్నాడని ఒక మాట ఉంది గానీ, దాన్ని సగమే నమ్మాలి.

పెళ్లయిన కొత్తలోనే కొండలమ్మ తేల్చేసింది.

"నీకు నీళ్లు పడవయ్యా. నేల మీద బతుకుదాం పద. నేల ఊగదు కదా!"

కంకిపాడు వచ్చి ఆమె చేపల బుట్ట నెత్తికెత్తుకుంది, అతను లారీ నేర్చుకున్నాడు. తొంభై ఏడులో బసవయ్య గారు ట్రాక్టరు కొంటే దానికి డ్రైవరుగా కుదిరాడు. రోడ్డు మీద అతనికి వంక పెట్టేవాడు లేడు. వెనక ట్రక్కు నిండా ధాన్యం బస్తాలతో, హారను ముట్టుకోకుండా బెజవాడ బెంజ్ సర్కిల్ దాటిన మొనగాడు.

చిక్కంతా పొలంలో. నీళ్లు పెట్టి దున్ని దమ్ము చేశాక, ట్రాక్టరు వెనకుండే రెండు ఇనుప చేతులకు వెడల్పాటి బల్ల తగిలించి బురదను చదును చేయాలి. ఆయిలు ఒత్తిడితో లేచే ఆ చేతుల్నే లిఫ్టు అంటారు. వాటిని ఎత్తడానికీ దించడానికీ సీటు కుడిపక్కన ఒక లివరు. ఎల్లారావు కుడిచెయ్యి ఆ లివరును వదలదు. పాపం, ఆ చేతికి చిన్నప్పటి నుంచి నేర్పింది ఒక్కటే: తాడు వదిలితే వల పోతుంది, వల పోతే వీపు చిట్లుతుంది. అందుకని మిట్ట కనిపిస్తే లివరు కిందికి తోసేవాడు, పల్లం కనిపిస్తే పైకి లాగేవాడు. చూసి, తోసి, లాగేసరికి మిట్టలు దాటిపోయి పల్లాలు వచ్చేవి, పల్లాలు దాటిపోయి మిట్టలు వచ్చేవి. సాయంత్రానికి పొలం నిండా అలలు లేచాయి. రెండోసారి తోలినప్పుడు ట్రాక్టరు ఆ అలల మీద లేస్తూ పడుతూ పోయింది. సముద్రం వద్దని పారిపోయి వచ్చిన మనిషి చేజేతులా సముద్రం చేసుకుని, దాని మధ్యలో బండి ఆపి, పక్కకు వంగి కక్కాడు.

సరిగ్గా అప్పుడే బసవయ్య గారు గట్టెక్కారు.

"ఏరా, నేను పొలం చదును చెయ్యమన్నానా, బందరు బీచి కట్టమన్నానా?"

"లిఫ్టులో ఏదో తేడా ఉందండీ."

"తేడా లిఫ్టులో కాదు, నీలో ఉంది. మిట్ట మీద నారు ఎండుద్ది, గుంటలో నారు కుళ్లుద్ది. నేను దేనికేడవాలి? ఎల్లుండి నాట్లకి ఆడోళ్లొస్తున్నారు. ఈలోపు పొలం పళ్లెంలా ఉండాలి. లేదంటే తాళం నా చేతిలో పెట్టి, పోయి మీ నాన్న పడవెక్కు."

పడవ అన్న మాట వినగానే ఎల్లారావు ఇంకోసారి వంగాడు.

మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు వేసుకుని పటమటలో మదార్ సాహెబ్ షెడ్డుకి పోయాడు. మదార్ సాహెబ్ ట్రాక్టరు నడుముల వైద్యంలో, అంటే లిఫ్టుల మరమ్మతులో, తల పండిన మేస్త్రీ. వినయం ఆయన ఒంటికి సరిపడదు. కృష్ణా జిల్లాలో ఏ లిఫ్టు పైకి లేచినా అది తన దయేనని, లేవకపోతే తనను పిలవకపోవడమే కారణమని ఆయన నమ్మకం. లివరు ఎత్తి చూశాడు, దించి చూశాడు, సగంలో ఆపి ఆయిలు చప్పుడు విన్నాడు, ఎల్లారావు చేత టీ తెప్పించుకుని తాగాడు.

"రోగం బండికి కాదయ్యా, నీ మణికట్టుకి."

"ఎంత తోసినా బల్లని నొక్కట్లేదండీ మేస్త్రీ గారూ."

"ఎట్టా నొక్కుద్ది? ఆయిలుకి ఎత్తడం వచ్చు, ఎత్తినదాన్ని పట్టుకోడం వచ్చు. కిందికి నొక్కడం దాని తాతక్కూడా రాదు. లివరు కిందాకా తోసెయ్యి. ఆ రెండు చేతులూ వదులైపోతాయి. ఇక బల్ల తన బరువుతో తాను బురద మీద తేలుతా పోద్ది. మిట్టని అదే గీకుద్ది, ఆ మట్టి పల్లంలో అదే వదుల్తది. నీ పని నోరు మూసుక్కూర్చోడం."

"వదిలేస్తే మునిగిపోదా అండీ?"

"మునగడానికి అదేమన్నా మీ పడవా?" అంటూ సాహెబ్ సీటు కిందున్న మరను కాస్త తిప్పాడు. "దబ్బున పడకుండా నిదానంగా దిగేట్టు పెట్టా. నేను చేయగలిగింది ఇంతే. నీ చేతిని విప్పి బాగుచేసే పానా నా దగ్గర లేదు."

ఎల్లారావు తిరిగొచ్చి పొలంలో దిగాడు. లివరు కిందాకా తోశాడు. చెయ్యి తీసి, కాన్వెంటులో సిస్టరమ్మ ముందు కూర్చున్న పిల్లాడిలా ఒళ్లో పెట్టుకున్నాడు. బండి నాలుగు బారలు పోయేసరికి చెయ్యి మళ్లీ లివరు మీద ఉంది. ఎలా వచ్చిందో అతనికే తెలియదు. గట్టు మీద నుంచి చూస్తున్న కొండలమ్మ బురదలోకి దిగింది.

"ఆ చెయ్యి తియ్యవయ్యా!"

"తీశానే!"

"మరి ఆ లివరు మీదుంది ఎవరి చెయ్యి, మా బాబుదా?"

వల అల్లే దారంతో ఆమె అతని కుడిచేతిని మొలకు కట్టేసింది. అప్పుడు ఎడమ చెయ్యి స్టీరింగు వదిలేసి, ఒళ్లోంచి దాటుకుంటూ వచ్చి లివరు పట్టుకుంది. ట్రాక్టరు పంటకాలవ వైపు బయల్దేరింది. కొండలమ్మ అరుపులకు బ్రేకు తొక్కాడు గానీ, లేకపోతే ఈ కథ ఇక్కడే మునిగిపోయేది. ఆమె కట్లు విప్పి, తిట్లు మొదలుపెట్టింది.

అతను మళ్లీ బండి కదిపాడు, లివరు దించాడు. కొద్ది దూరంలో, నిన్న అతనే తవ్విపెట్టిన గుంటలో ఏదో కొట్టుకుంది. కాలవ నీళ్లతో వచ్చి అందులో కాపురం పెట్టిన కొరమీను, మోచెయ్యంత పొడుగు. ఎల్లారావు బండి ఆపి ఒక్క దూకు దూకాడు, మొప్పలో బొటనవేలు దూర్చి చేపను పైకి లేపాడు. సముద్రం పనికిరాడని తేల్చిన మనిషే గానీ, చేపను పట్టడంలో వంశం పేరు నిలబెట్టాడు.

"వదలకు! బుట్ట తెస్తా!" అని కొండలమ్మ ఇంటికి పరిగెత్తింది.

ఆమె అటు పోగానే బసవయ్య గారు ఇటు వచ్చారు. "ఆగింది దేనికిరా? ఏట్లో దిగిన దున్నపోతులా నిలబడ్డావే? పోనీ!"

చేపను వదలడానికి లేదు, బండి ఆపడానికి లేదు. కుడిచేత్తో కొరమీనును గుండెకు అదుముకుని, ఎడమచేత్తో స్టీరింగు పట్టి, గట్టు వారగా మొదలుపెట్టి పొలం చుట్టూ తిరగసాగాడు. లివరు కిందే ఉంది. దాన్ని పట్టుకోవడానికి చేతులు లేవు. చేప తోకతో అతని గడ్డం మీద కొడుతోంది, అతను దాన్ని తిడుతున్నాడు, ఆ గొడవలో వెనక బల్ల సంగతే మరిచిపోయాడు.

కొండలమ్మ బుట్టతో వచ్చింది. గట్టు మీద ఆగి, బల్ల వెనక బురద వంక చూసింది. అది ఇస్త్రీ చేసిన పంచెలా పరుచుకుంటోంది. కాసేపు చూసి, బుట్టను నెమ్మదిగా వెనక్కి దాచుకుంది.

"ఏమే, బుట్టేదీ?" అని అరిచాడు ఎల్లారావు.

"అడుగూడిపోయిందయ్యా, అల్లుతున్నా! నువ్వు కానీ!"

"ఎంతసేపే? ఇది జారిపోతాంది!"

"జారిందా, ఇయ్యాల నీకు కూడు లేదు!"

అతను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. పొలం అంతా అయ్యేదాకా ఆ బుట్టకు అడుగు పడలేదు.

బసవయ్య గారు మడవ తీసి నీళ్లు పెట్టించారు. నీరు ఎక్కడా ఆగకుండా, ఎక్కడా పరుగెత్తకుండా నాలుగు గట్లనూ తాకింది. ఆయన పొలమంతా కలియదిరిగి తప్పు వెతికారు. దొరక్కపోయేసరికి చేప మీద పడ్డారు.

"అది నా పొలంలోది."

"పొలం మీదేనండీ. చేప కాలవది," అన్నాడు ఎల్లారావు. చెయ్యి మాత్రం సడలలేదు.

"సరే, తీసుకుని ఏడు. రేపు పొద్దున్నే కాలవ అవతలి పొలం చెక్క కూడా తోలు. తాళం నీ దగ్గరే ఉంచుకో."

కొండలమ్మ అప్పుడు బుట్ట బయటికి తీసింది.

ఆ పై సంవత్సరం అతను అరటిపండు పట్టుకుని తోలాడని, ఆ తర్వాత బీడీతో సరిపెట్టుకున్నాడని, రెండువేల మూడు నాటికి ఉత్త చెయ్యి మోకాలి మీద పెట్టుకుని ఉయ్యూరు దాకా పొలాలు చదును చేసొచ్చేవాడని చెప్పుకుంటారు. మదార్ సాహెబ్ అయితే చెయ్యి నిలవని డ్రైవరు ఎవడొచ్చినా, "ముందు ఒక కొరమీను తెచ్చుకో" అంటాడు.

ఒకసారి అదే షెడ్డులో మైలవరం నుంచి వచ్చిన రైతు ఒకాయన, ఎదురుగా టీ తాగుతున్న ఎల్లారావును, ఇదంతా నిజమేనా అని అడిగాడు. ఎల్లారావు గ్లాసు కింద పెట్టాడు.

"చేపా లేదు, దోమా లేదండీ. ఈ సాయిబు గారికి పనిలేక పుట్టించిన కథ. నాకు కడుపులో తిప్పడం ఏంటండీ, మాది సముద్రం మీద పుట్టిన వంశం! మా ఆవిడ పొలంలోకే రాలేదు. అసలు ఆ రోజు నేను ఊళ్లోనే లేను. బసవయ్య గారి పొలం అంటారా? అది పుట్టుకతోనే చదునండీ."