పెడనలో కుండమార్పిడి

పదవీ విరమణకు ముందు ఏడాది, మాఘమాసంలో, మచిలీపట్నంలో ఎగుమతుల వ్యవహారాలు చూసే అసిస్టెంట్ డైరెక్టరుగా ఉండగా నా మీద భూటాన్ అతిథి బాధ్యత పడింది. ఆ హోదాకు కుర్చీ పెద్దది, జీపు మాత్రం తోస్తే గానీ కదిలేది కాదు.

వచ్చినావిడ పేరు పేమా, వాళ్ల వాణిజ్య శాఖలో అధికారి. వాళ్లది చిన్న దేశం. మన సరుకు సుంకం లేకుండా అటు వెళ్తుంది, వాళ్లదీ ఇటు వస్తుంది. కాయితం మీద ఇద్దరం సమానమే. బట్టల వ్యాపారంలో మాత్రం మనం అమ్మడమే గానీ కొన్నది లేదు. అక్కడి కొండల్లో మంజిష్ఠ వేరు ఏరే ఆడవాళ్ల సంఘం ఒకటి ఈవిడ చేతి మీదుగా నడుస్తోంది. ఎర్ర రంగునిచ్చే ఆ వేరు కొనేవాళ్లు దొరక్కపోతే సంఘం మూతబడుతుంది. కలంకారీకి ఎరుపే ప్రాణం కదా అని పెడన మీద ఆశ పెట్టుకుని వచ్చింది.

పెడన అద్దకం పనివాళ్ల సంఘానికి అధ్యక్షులు వీరాస్వామి గారు. ముందురోజే ఆయనకు ఫోన్ చేశాను. 'పరస్పర వాణిజ్యం' లాంటి ఆఫీసు మాటలు ఎందుకులే అని, "భూటాన్ నుంచి ఒకమ్మాయి వస్తోందండీ, మనతో ఇచ్చిపుచ్చుకోవడాలు పెంచుకుందామని" అన్నాను.

మర్నాడు పేమాను వెంటబెట్టుకుని వెళ్లి చూద్దును కదా, షెడ్డులో అద్దకం బల్లలన్నీ గోడకు జరిపేశారు. తివాచీ, పూలు, అరటిపళ్లు, వేడివేడి గారెలు. ఆయనగారి పెళ్లికాని కొడుకు ఇస్త్రీ చొక్కాలో చెమటలు కక్కుతున్నాడు. వీరాస్వామి గారు నన్ను పక్కకు పిలిచి, "పిల్ల లక్షణంగా ఉంది మేడం గారూ. గోత్రం పట్టింపు మాకు లేదులెండి. పప్పుచారు తింటుందా?" అన్నారు.

"ఓరి దేవుడా! ఆవిడ వేరు అమ్మడానికి వచ్చిందండీ, పెళ్లికి కాదు!" అని అరిచాను. షెడ్డంతా విన్నది. పెళ్లికొడుకు పెరటి దారిన మాయం. వీరాస్వామి గారి ముఖం మాడిపోయింది. "మాఘమాసంలో ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇంకేమనుకుంటామండీ? మీ వేరూ వద్దు, గీరూ వద్దు" అని భీష్మించుకున్నారు.

ఏమైందని పేమా అడిగింది. సిగ్గుతో చచ్చిపోతూ ఇంగ్లీషులో చెప్పాను. వాళ్ల పిల్లను తెచ్చుకుని, మన పిల్లను వాళ్లింటికే ఇస్తే దాన్ని కుండమార్పిడి అంటామనీ చెప్పాను. ఆవిడ పగలబడి నవ్వింది. తరువాత నవ్వాపి, ఈ మాట ఆయనకు తెలుగులో చెప్పమంది: "ఇన్నేళ్లుగా మీ ఇంటి పిల్లలే మాకు కోడళ్లుగా వస్తున్నారు. మా పిల్లను ఒక్కదాన్నయినా మీరు చేసుకున్నారా?"

వీరాస్వామి గారు గారెల పళ్లెం పేమా ముందుకు జరిపారు. "న్యాయమే" అన్నారు. ముందు ఒక బస్తా తెప్పించమన్నారు. ఎరుపు బాగా తేలింది. నేను రిటైరయ్యేనాటికి ఆ బస్తాలు రావడం మామూలైపోయింది, అక్కడి సంఘమూ నిలబడింది.

సుంకం ఎత్తేయడం అంటే గుమ్మం తెరవడం వరకే. పెద్దింటివాళ్లు ఏదో ఒకటి కొని తెచ్చుకుంటేనే చిన్నింట్లో పొయ్యి వెలుగుతుంది.