మా లారీలకు తెలివి కొన్నాను

ఏఐ గురించి నేను మొదట విన్నది బీచ్ రోడ్డు హోటల్లో, భోజనానికి కాస్త ముందు. వ్యాపారస్తుల సదస్సు అని పిలిచారు. అక్కడ రొయ్యల బిర్యానీ బాగుంటుందని తెలిసి వెళ్ళాను. మాది గాజువాకలో చిన్న లారీ కంపెనీ. పోర్టులో దిగిన ముడిసరుకును పరవాడ మందుల ఫ్యాక్టరీలకు చేరవేస్తాం. నాన్న పెట్టిన కంపెనీని ఆయన తర్వాత నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం. పెద్దదాన్ని కాబట్టి యజమాని కుర్చీ నాది. పని తెలిసినవాడు కాబట్టి పని వాడిది.

వేదిక మీద నల్లకోటాయన, ఏఐ అనే అల వస్తోందనీ, దాని మీదికి ఎక్కనివాళ్ళు దాని కింద మునిగిపోతారనీ చెప్పాడు. సముద్రం పక్కనే పుట్టి పెరిగి కూడా మోకాలి లోతు దాటి ఎన్నడూ దిగనిదాన్ని. నాకు నిజంగానే భయం వేసింది. బిర్యానీ కూడా సరిగా సయించలేదు.

ఆఫీసుకు రాగానే తమ్ముడికి చెప్పాను, మనం వెంటనే ఏఐ కొనాలని.

"కొందాం అక్కా. ఏటి సెయ్యడానికి?" అన్నాడు.

"అందరూ కొంటన్నార్రా."

"అందరూ పెళ్ళిళ్ళు కూడా సేసుకుంటన్నారు. ఎవుల్ని సేసుకోవాలో సూసుకునే కదా సేసుకుంటారు."

వాడికి దూరదృష్టి లేదని ఆ క్షణంలోనే తేల్చేశాను. పైగా వారం తిరక్కుండానే మా ఎదురుగా ఉన్న లారీ కంపెనీవాళ్ళు కొత్త బోర్డు పెట్టారు. 'ఏఐ ఆధారిత రవాణా' అని నీలం రంగు అక్షరాలు. ఆ కంపెనీ యజమాని మా చర్చికే వస్తాడు, మా వెనక వరసలోనే కూర్చుంటాడు. ఆ ఆదివారం ప్రసంగం నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

మర్నాడే అమ్మకందారును పిలిపించాను. అతను ల్యాప్‌టాప్ తెరిచి చాలాసేపు చెప్పాడు. నేను అడిగిన ప్రశ్న ఒక్కటే, ఎదురు కంపెనీవాళ్ళు కొన్నదానికంటే ఇది పెద్దదేనా అని. పెద్దదే అన్నాడు. అలా మా ఆఫీసు గోడకి లారీలన్నీ చుక్కలుగా కదిలే పెద్ద తెర వచ్చింది. ఫోన్ ఎత్తి మాట్లాడే యంత్రం వచ్చింది. డ్రైవర్ నిద్రలోకి జారితే కూతపెట్టే కెమెరా ప్రతి లారీలోకీ వచ్చింది. తెర ముందు కుర్చీ వేసుకుని, పచ్చచుక్కలు షీలానగర్ దాటుతుంటే చూస్తూ, దేశాన్ని నడుపుతున్నట్టు కూర్చునేదాన్ని.

ఫోన్ యంత్రం సంగతి ముందు బయటపడింది. నాన్న కాలం నుంచీ మాతో వ్యాపారం చేస్తున్న పెద్దాయన ఒకాయన తన సరుకు లారీ ఎక్కడుందో తెలుసుకోవాలని ఫోన్ చేసి, బండేడుందమ్మా అని అడిగారట. 'బండేడు అనే ప్రదేశం మా మార్గంలో లేదు, దయచేసి స్పష్టంగా చెప్పండి' అంది యంత్రం. ఆయన ఎంత అరిచి అడిగితే అది అంత మర్యాదగా అదే మాట చెప్పింది. చివరికి తమ్ముడి సెల్‌కి చేశారు.

"కొత్తమ్మాయిని పెట్టారేటి బాబూ? బాగా సదువుకున్నట్టుంది. మన మాట మాత్రం రాదు."

తరవాత సబ్బవరం నుంచి వచ్చే మా పాత డ్రైవర్ నా గది గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన పాటగాడు. గొంతెత్తి పాడుకుంటూ లారీ నడపడం అలవాటు.

"మేడం, నాను నోరు తెరిసి పాడితే ఆవలింత అనుకుంటంది అది. కుయ్యిమని అరుత్తంది. పాట మానేసాను. పాట మానేసినకాడ్నించి నిజంగానే నిద్దరొత్తంది."

కెమెరా తప్పు చేస్తుందంటే నేను నమ్మలేదు. అన్ని కెమెరాలు కొన్నదాన్ని ఎలా నమ్ముతాను? స్వయంగా చూస్తానని మరుసటి ప్రయాణంలో ఆయన పక్క సీట్లో ఎక్కాను. పోర్టు రోడ్డు దాటేలోపే లారీ ఊపుకి నాకు ఆవలింతలు మొదలయ్యాయి. కెమెరా నన్నూ చూస్తోందని నాకు తెలియదు. నేను ఆవలించిన ప్రతిసారీ అది కూత పెట్టింది, ఆయన ఉలిక్కిపడి బ్రేకు మీద కాలేశాడు. దారంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. ఆయన రోడ్డునే చూస్తూ పెదవులు బిగబట్టాడు. నవ్వు ఆపుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

పరవాడలో ఫ్యాక్టరీ గేటు దగ్గర మమ్మల్ని ఆపేశారు. మేము పంపిన బిల్లులో ముడిసరుకు పేరు ఒకలా ఉంది, పోర్టు కాగితంలో ఇంకోలా ఉంది. ఒక్క అక్షరం తేడా. సరిచేసిన కాగితం వచ్చేదాకా లోపలికి వదిలేది లేదన్నారు. ఎండలో, ఇంజను వేడి మీద, వెనక బొగ్గు లారీల దుమ్ములో మధ్యాహ్నమంతా కూర్చున్నాం. చీర కుచ్చిళ్ళు నల్లబడ్డాయి.

"రోజూ ఇంతేనా?" అని అడిగాను.

"ఇయ్యాల నయం మేడం. మీరున్నారని బేగి తేల్సేత్తన్నారు."

డ్రైవర్లు ఈ మాట ప్రతి మీటింగులోనూ చెబుతూనే వచ్చారు. వాళ్ళకి ఏదో ఒక ఏడుపు ఉంటుందిలే అనుకుని, నేను ఆ సమయంలో టీ తెప్పించేదాన్ని. మా తెర మీద కూడా ఆ గేటు దగ్గర చుక్కలు గంటల తరబడి కదలకుండానే ఉండేవి. విశ్రాంతి తీసుకుంటున్నారనుకున్నాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక తమ్ముడి ఇంట్లో వంజరం చేప పులుసుతో భోజనానికి కూర్చున్నాం. జరిగింది చెప్పాను, కెమెరా ఎవరిని చూసి కూసిందన్నది మాత్రం చెప్పలేదు. వాడికి అప్పటికే తెలుసు.

"నాను ఒకటే అడుగుతానక్కా. నువ్వు కొన్నవాట్లో ఏది సెడిపోతే మన పని ఆగిపోద్ది? గోడమీద తెర పోతే?"

"నాకు పొద్దుపోదు."

"ఫోన్ది పోతే?"

"అందరూ సంతోషిస్తారు."

"మరి కాయితం తప్పుపోతే?"

ముల్లు తీసుకుంటున్నట్టు తల దించుకున్నాను. వాడు అంతటితో వదలలేదు. ముందు నొప్పి ఎక్కడుందో చూద్దామన్నాడు. ఆ పని యంత్రానికి నేర్పడానికి పనికొచ్చే పాత కాగితాలు మన దగ్గరున్నాయో లేదో చూద్దామన్నాడు. ఒక్క ఫ్యాక్టరీతో మొదలుపెట్టి, రెండు నెలల్లో గేటు దగ్గర ఆగడం తగ్గకపోతే సిగ్గుపడకుండా మానేద్దామన్నాడు. సిగ్గుపడకుండా అన్నప్పుడు నా వైపు చూశాడు.

అలాగే చేశాం. లారీ కదిలేముందు యంత్రం రెండు కాగితాలూ చదివి తేడా ఉంటే చెబుతుంది. మొదటి వారం అది టీ మరకని సున్నా అనుకుని టన్నులు పెంచేసింది. అందుకని ఆఖరి మాట మా ఆఫీసులో కాగితాలు చూసే ఆవిడదే అని రాసి పెట్టుకున్నాం. ఫోన్ యంత్రాన్ని తీసేశాం. కెమెరాలను కళ్ళు మూతపడితేనే కూసేలా మార్పించాం. తెరని మాత్రం ఉంచమని బతిమాలాను. తమ్ముడు జాలిపడ్డాడు.

రెండు నెలలకి గేటు దగ్గర ఆగడం బాగా తగ్గింది. అప్పుడే ఒకరోజు ఎదురు కంపెనీ యజమాని మా ఆఫీసుకు వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కగారూ, ఈ ఏఐ ఎక్కడ దొరుకుద్దండీ? మీరు హోటల్లో మీటింగుకెళ్ళారని తెలిసి, నాను ఎనకబడిపోతానని బోర్డయితే పెట్టించీసాను. లోపల ఏటీ నేదు."

ఆయన్ని చూసి నేను, నన్ను చూసి ఆయన. ఒకరిని చూసి ఒకరం పరుగెత్తామన్నమాట. ముందు మీ బండ్లు ఎక్కడ ఆగిపోతున్నాయో ఒకసారి వెళ్ళి చూసి రండి అన్నాను. నా గొంతులో నల్లకోటాయన ధీమా వినిపించి నాకే నవ్వొచ్చింది.

మొన్న తమ్ముడితో కలిసి పరవాడ వెళ్ళినప్పుడు ఆ గేటు పక్కన టీ బండి ఆవిడ నన్ను ఆపింది. మధ్యాహ్నమంతా మా లారీలో కూర్చున్న రోజు చూసి గుర్తుపెట్టుకుందట.

"ఏటమ్మా, మీ బండ్లోల్లు ఈమద్దిన ఆగడమే మానేసారు. ఇలగ వొచ్చి అలగ లోపలికెల్లిపోతన్నారు. నా టీ ఎవులు తాగుతారు?"

ఇలాంటి నష్టం గురించి సదస్సులో ఎవరూ చెప్పలేదు. బల్ల మీద కూర్చుని రెండు టీలు తాగాను. మూడోది తమ్ముడి చేత తాగించాను.