గొట్టంలో చిక్కిన గాలి

లింగమూర్తికి కనిపించిన మిషనుకల్లా దండం పెట్టే అలవాటుంది. సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్ వచ్చి ఇరవై రెండేళ్లు, అన్నేళ్లూ వాటర్‌జెట్ మగ్గాల మరమ్మతే అతని పని. గొట్టంలోంచి చిమ్మే నీళ్లే పేక పోగును ఈ కొస నుంచి ఆ కొసకు లాక్కెళ్లే మగ్గాలవి. మిల్లులో అడుగుపెడితే వాటికి దండం, డ్యూటీ దిగిపోయేటప్పుడు మళ్లీ దండం. "నాకు ఒక్కనాడన్న పెట్టినవా?" అని భార్య ఎల్లవ్వ దెప్పేది.

రెండువేల ఇరవై ఏప్రిల్ నాటికి కరోనా లాక్‌డౌన్‌తో మిల్లులు మూతపడి ఉన్నాయి. సూరత్ నవాగామ్‌లో వాళ్లుండే సందు, జనం సొంతూళ్లకు పోయి సగం ఖాళీ అయింది. లింగమూర్తికి కదిలే వీల్లేదు. ఎల్లవ్వ కిడ్నీలు చెడి రెండేళ్లు. సోమవారం, గురువారం డయాలసిస్ జరగాల్సిందే. ఒక్కటి తప్పినా కాళ్లు ఉబ్బుతాయి, పడుకుంటే ఊపిరాడదు. ఆటోలేమో బంద్. మెస్సు నడిపే లక్ష్మీరాజం చుట్టాల వ్యానులో ఊరికి పోతూ తన పాత మారుతి కారు తాళం తెచ్చి ఇచ్చాడు. "మామా, ఇది నీ దగ్గర్నే ఉండనీ. అత్తను టైముకు తీస్కపో." 

ఒక బుధవారం పొద్దున కారు కింద పచ్చటి నీళ్ల మడుగు కనిపించింది. బానెట్ ఎత్తితే రేడియేటర్ పై గొట్టం క్లాంపు దగ్గర చీలి ఉంది, కింది గొట్టం మెత్తబడి ఉంది. తెల్లారితే గురువారం. మెకానిక్ షెడ్లన్నీ మూసే ఉన్నాయి.

"గిదెంత పని! దినాం చేసేదేనాయె" అంటూ తన డబ్బాలోంచి మగ్గానికి వేసే ప్లాస్టిక్ గొట్టం తీసి, కోసి, బిగించి, నీళ్లు పోసి, స్టార్ట్ చేసి నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. పది నిమిషాల్లో ఆ గొట్టం ఉడికిన సొరకాయలా మెత్తబడి ఊడొచ్చింది. సందంతా ఆవిరి.

గడపలో కూర్చున్న ఎల్లవ్వ అంది, "నీ మిషిన్ల పారేటియి చల్లనీళ్లు. గిండ్ల సలసల కాగుతయి. గ ముచ్చట వంట చేసేదానికి ఎర్కైతది గని, గింత పెద్ద మిస్త్రీకి ఎర్క లేదా?"

మిస్త్రీ ఊడిన గొట్టాన్ని అవతల పడేశాడు. నడుచుకుంటూ స్పేర్‌పార్టుల దుకాణానికి వెళ్లాడు. షట్టర్ దించి ఉంది. ఓనరు కాకా పై అంతస్తులోనే ఉంటాడు. కింది నుంచి కేకేసి సంగతి చెబితే, లోపలి మెట్ల గుండా దిగి వెతికి, రెండు రబ్బరు గొట్టాలు, క్లాంపులు సంచిలో వేసి బాల్కనీ నుంచి తాడుతో దించాడు. లింగమూర్తి జేబు తడుముకుంటుంటే డబ్బులు తర్వాత, ముందు చెల్లెల్ని ఆసుపత్రికి తీసుకెళ్లమని ఆయన హిందీలో కసిరాడు. "పహలే బెన్ కో దవాఖానా లే జా!"

ఇంజను చల్లారే దాకా ఆగి, అతుక్కుపోయిన పాత గొట్టాలను కత్తితో చీల్చి తీశాడు. మూతులను గరుకు కాగితంతో రుద్ది, సబ్బునీళ్లు రాసి కొత్తవి ఎక్కించాడు. నీళ్లు, కూలెంట్ నిండా పోశాడు. స్టార్ట్ చేస్తే ఒక్క చుక్క కారలేదు. అయినా ఇంజను వేడి చూపే ముల్లు పైకి పాకి ఎర్రగీతను తాకింది.

ఇంజను ఆపి గడప మీద కూలబడ్డాడు. ఎల్లవ్వ పాదాలు అప్పటికే ఉబ్బాయి. అతను చూస్తాడని చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది. అతను చూడనే చూశాడు. 

మిల్లులో అన్నీ సక్రమంగా ఉండి కూడా పేక పోగు సాగకపోతే తను మొట్టమొదట దేన్ని వెతుకుతాడు? గాలిని. గొట్టంలో ఒక్క బుడగ చిక్కినా చాలు, నీళ్లు మొరాయిస్తాయి.

దిగ్గున లేచాడు. ఇంజను మళ్లీ చల్లారాక ముందు చక్రాలను సందు చివరి ఎత్తు మీదికి ఎక్కించి, రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేశాడు. చేతికి గుడ్డ చుట్టుకుని గొట్టాన్ని పిసుకుతూ కూర్చున్నాడు. కాసేపటికి బుడుంగుమని ఒక పెద్ద బుడగ, దాని వెనకే నాలుగు చిన్నవి బయటికొచ్చాయి. నీళ్లు జర్రున కిందికి దిగాయి. మళ్లీ నింపి మూత పెట్టాడు. ముల్లు సగంలో ఆగి ఇక కదల్లేదు.

గురువారం ఆసుపత్రికి టైముకే చేరారు. రోగుల వెంట వచ్చినవాళ్లను లోపలికి రానివ్వడం లేదు. లింగమూర్తి అద్దాల తలుపు బయట నిలబడ్డాడు. లోపల నర్సు, ఎల్లవ్వకు గొట్టం తగిలించే ముందు, దాన్ని వెలుతురులోకి ఎత్తి పట్టుకుని గోటితో టిక్కు టిక్కున కొట్టింది. రెండేళ్లుగా చూస్తున్నదే. ఏదో అలవాటేమో అనుకునేవాడు. ఇవాళ మాత్రం చిన్న బుడగ ఒకటి గొట్టంలో పైకి పాకి మాయమవడం చూశాడు.

అప్పుడు తెలిసింది అతనికి. ఆ ఉక్కలో, కరోనా కిట్టుతో ఒళ్లంతా కప్పుకున్న ఆ అమ్మాయి ముఖమైనా అతనికి కనిపించడం లేదు. తన భార్య ఒంట్లోకి గాలి పోకుండా ఆమె వారానికి రెండుసార్లు కాపలా కాస్తోంది. కళ్లు చెమ్మగిల్లాయి. నర్సు చూడకపోయినా అద్దం ఇవతల నుంచే దండం పెట్టాడు.

నాలుగు గంటల తర్వాత ఎల్లవ్వ బయటికొచ్చింది. పొద్దున బిగుసుకున్న చెప్పులు ఇప్పుడు వదులుగా ఉన్నాయి. "మిషిన్‌కు మల్ల మొక్కినవా? అద్దంలకెల్లి చూసిన."

"లేదే. గీసారి మనిషికి మొక్కిన."

"ఇగ నా వంతెప్పుడు?" అని నవ్వింది.

లింగమూర్తి నవ్వలేదు. ఆసుపత్రి ముందు, అందరూ చూస్తుండగా, రెండు చేతులూ జోడించాడు. "నువ్వు చల్లనీళ్ల ముచ్చట చెప్పకుంటే ఇయ్యాల తొవ్వల నిలవడుదుమే."

"ఛీ, మనుషులు చూస్తుండ్రు" అంటూ ఎల్లవ్వ గబగబా కారెక్కి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది.