పొట్టి మొక్కలే పెట్టమన్నావు మావా

నిన్న పొద్దున్న ఫోన్ కంటే ముందు వీడియో వచ్చింది.

"ఉద్దానంలో ఎలుగుబంటి దాడి" అని గ్రూపులో ఎవరో పెట్టారు. పలాసలో మా జీడి ఫ్యాక్టరీ గేటు దగ్గర టీ తాగుతూ ఓపెన్ చేశాను.

పడున్న మనిషికి మొహం లేదు. చీరేసి ఉంది.

మనిషిని గుర్తుపట్టలేదు. వెనకాల ఉన్న ఎర్ర పూలని గుర్తుపట్టాను. అవి నేను నాటినవి.

టీ గ్లాసు ఎక్కడ పడేశానో తెలీదు.

మా సత్యానందం మావ. అమ్మకి తమ్ముడు. పూండి దగ్గర తోటలో ఉండేవాడు. నిన్నటి నుంచి లేడు.

ముందు ఒక మాట. ఆ వీడియో ఫార్వర్డ్ చేసినవాళ్ళు ఇప్పుడే డిలీట్ చెయ్యండి. ఏడుపు ఎమోజీ పెట్టి మరీ పంపినవాళ్ళు నాకు ఎదురుపడకండి. చెయ్యి ఆగదు.

మావకి ముక్కు మీద కోపం, మీ అందరికీ తెలుసు. తుఫానుకి పనసచెట్టు వేళ్ళతో సహా లేచిపోతే, పగవాడిని నరికినట్టు వారం రోజులు దాన్ని తిడుతూ గొడ్డలితో నరికాడు. చెట్టు లేచిన చోట నడుం లోతు గొయ్యి మిగిలింది. అందరూ పూడ్చెయ్యమన్నారు. మావ వినలేదు. సిమెంటు చేయించి, నీళ్ళు నింపి, కలువలు వేసి, మధ్యలో చిన్న ఫౌంటెన్ పెట్టాడు. మేస్త్రీ నవ్వాడని తాపీ లాక్కుని అతన్ని తరిమేసి, మిగతాది తనే పూర్తి చేశాడు.

"సుట్టూ పూలెడితే గొయ్యి కూడా సక్కగుంటాదిరా" అన్నాడు నాతో.

ఆ పూలు పెట్టే పని నాకిచ్చాడు. బేసిన్ నిండా గడ్డిగులాబీ కొమ్మలు తుంచి రెడీగా ఉంచాడు. జానెడు కూడా ఎదగని మొక్కలు.

నాకేమో రీల్ బాగా రావాలి. టెక్కలి నర్సరీ నుంచి మెట్టతామర దుంపలు తెచ్చాను, ఎరుపూ పసుపూ. మనిషెత్తు ఎదుగుతాయి మావా, అదిరిపోతుంది అన్నాను.

చేతిలో ఉన్న పార నా మీదకి విసిరాడు. బొటనవేలికి అంగుళం దూరంలో దిగింది.

"ఎండలకి ఎలుగు నీల్లకొత్తాదిరా! గుమ్మంలోంచి సూత్తే నీల్లు అవుపడాల. పొట్టి మొక్కలే ఎట్టు!"

నేను అలిగాను. అన్నం తినలేదు. మేనల్లుడు అలిగితే మావ తట్టుకోలేడని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సాయంత్రానికి తిట్టుకుంటూ తనే దుంపలకి గుంటలు తీశాడు.

అవి మనిషెత్తు పెరిగి పూశాక తీసిన రీల్‌కి మీరందరూ లైకులు కొట్టారు. సూపర్ గార్డెన్ అన్నారు. నేను పొంగిపోయాను.

నిన్న తెల్లారి మావ ఫౌంటెన్ మోటారు వెయ్యడానికి వెళ్ళాడు. ఆ ఆకుల వెనకే అది నీళ్ళు తాగుతోంది. మావకి అది కనబడలేదు. దానికి మావ కనబడలేదు. అత్త గుమ్మంలోంచి చూస్తూనే ఉందట. ఆకులు ఊగడమే చూసిందట.

జనం కర్రలతో వచ్చేసరికి అది తోటలోకి పారిపోయింది. మావ గుప్పిట్లో దాని బొచ్చు ఉంది. వేళ్ళు విడదీయడం ఇద్దరి వల్ల కాలేదు. ఊరికే పోలేదు మా మావ, కొట్టి పోయాడు.

నేను వెళ్ళగానే కత్తి తీసుకుని ఆ మొక్కలన్నీ నరికాను. దుంపలు గోళ్ళతో పెకలించాను. చేతులు రక్తం కారుతున్నా ఆగలేదు. అత్త వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"సాల్రా. గుంటలు తీసినోడు ఆయనే కాదేటి" అంది.

అంతకంటే చెంప పగలగొట్టినా బాగుండేది.

మా కుర్రాళ్ళు గొడ్డళ్ళు పట్టుకుని జీడితోటల్లో ఎలుగు కోసం తిరుగుతున్నారు. నాకూ దాన్ని చంపాలనే ఉంది. కానీ అది దాహానికి వచ్చింది. దానికి చాటు కట్టింది నేను.

ఈ మధ్యాహ్నం చర్చి వెనక మావకి గొయ్యి తీస్తున్నారు. రాగలిగినవాళ్ళు రండి. దండలు తేవద్దు.

అదే బేసిన్‌లో గడ్డిగులాబీ కొమ్మలు తుంచి ఉంచాను. చుట్టూ నేనే పెడతాను.

ఈసారి పొట్టి మొక్కలే మావా. ఎంత దూరం నుంచి చూసినా అవుపడతావు.

కోపం దించుకుని, ప్రభువు దగ్గర చల్లగా పడుకో.